రబ్బరు షీటు కొలనులో నీరు తగ్గిపోతుంటే: నా అనుభవం

పెరటి కొలనుకూ, దానిలోకి జారే చిన్న వాగుకూ ఈపీడీఎం రబ్బరు షీటే పరిచినా, నీటిమట్టం ఎండకు ఆవిరయ్యేదానికంటే చాలా వేగంగా పడిపోయేది. అతుకులు వేయడం, కొలను నీటిని వాగు పైకి ఎత్తిపోసే పంపు గొట్టం మార్చడం ఫలించలేదు.

చివరకు పంపు ఆపి, వాగు నీరంతా కొలనులోకి దిగాక మట్టం దగ్గర గుర్తు పెట్టి రాత్రంతా వదిలేస్తే (చేపలున్నవారు గాలి పంపు వేరుగా పెట్టాలి), తెల్లవారేసరికి నీరు అక్కడే ఉంది. అంటే లోపం వాగువైపే. పక్కరాళ్లు తీసి, పంపు నడుపుతూ పరిశీలిస్తే, ఒక మలుపులో కుంగిన షీటు అంచు మీదుగా మట్టి, దీపపు వత్తిలాగా నీటిని బయటకు పీలుస్తోంది. షీటును వెనక్కి మడిచి, కింద మట్టి వేసి దిమ్మిసతో గట్టిపరిచి, అంచును ప్రవాహానికి నాలుగంగుళాల ఎత్తున నిలబెట్టి, లోపలి మట్టి బయటి నేలను తాకకుండా రాళ్లు పేర్చాను. నష్టం ఆగింది.

పంపు ఆపినా నీరు తగ్గే కొలనుకు మాత్రం ఇది బహుశా పనికిరాదు. అక్కడ మట్టం ఆగిన ఎత్తులోనే చిల్లు వెతకడం మేలు.