బిల్లు అంచనాను దాటిపోతోందా? భవనంలో కరెంటు ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఎలా

భవనం కట్టక ముందే కంప్యూటర్‌ మోడల్‌తో లెక్క కట్టి, ఏడాదికి ఇన్ని యూనిట్లు ఖర్చవుతాయని చెప్తారు. జనం చేరి ఏడాది గడిచాక మీటర్ చూస్తే ఆ అంకెకూ దీనికీ పొంతన ఉండదు. ఒకటిన్నర రెట్లు రావడం అరుదేమీ కాదు. అక్కడి నుంచి ఒకరి మీద ఒకరు నెపం వేసుకోవడం మొదలవుతుంది. డిజైన్ చేసినవాళ్లు వాడేవాళ్లను అంటారు, వాడేవాళ్లు మెయింటెనెన్స్ వాళ్లను అంటారు, వాళ్లేమో సాఫ్ట్‌వేర్‌ను అంటారు. ఎవరినైనా తప్పుపట్టే ముందు, తేడా ఏ గంటల్లో వస్తోందో చూడండి. నా లెక్కలో సగం పని అదే.

సమస్య: మొదటి నెల నుంచే బిల్లు ఎక్కువ, ప్రతి నెలా దాదాపు అంతే తేడా

కారణం చాలాసార్లు భవనంలో ఉండదు, పోలికలో ఉంటుంది. అనుమతుల కోసం వేసే లెక్కలో ఏసీ, హీటింగ్, లైట్లు, వేడినీళ్లు, ఫ్యాన్ల వరకే ఉండటం మామూలు. లిఫ్టులు, కంప్యూటర్లు, సర్వర్ రూమ్, క్యాంటీన్ పొయ్యిలు చాలాచోట్ల ఆ లెక్కలోకి రావు. పనివేళలు కూడా నిబంధనల్లో ఉన్నవే వేస్తారు, అసలు వేళలు వేయరు. మీటర్ మాత్రం అన్నిటినీ లెక్కపెడుతుంది.

పరిష్కారం: అంచనా రిపోర్టు తెరిచి అందులో ఏమేం కలిపారో రాసుకోండి. వదిలేసినవాటి వాడకం సబ్‌మీటర్ (ఒక్కో భాగానికి విడిగా పెట్టే చిన్న మీటర్) నుంచి తీసి పక్కన పెట్టండి. సబ్‌మీటర్ లేకపోతే ఆ సర్క్యూట్‌కు ఒక వారం లాగర్ (వాడకాన్ని రికార్డు చేసే పరికరం) తగిలించండి. వాతావరణం కూడా సరిచూడాలి, ఎందుకంటే అంచనాలో వాడేది సగటు ఏడాది వాతావరణం. డిజైన్ దశలోనే అసలు వాడకాన్ని లెక్కగట్టే పద్ధతిని బ్రిటన్‌లో భవన సర్వీసుల ఇంజనీర్ల సంస్థ సీఐబీఎస్ఈ టీఎం54 పేరుతో 2013లో ఇచ్చింది. కొత్త భవనం మొదలుపెట్టేవాళ్లు అలాంటి లెక్కే అడిగి తీసుకోవాలి.

సమస్య: సబ్‌మీటర్లన్నీ కలిపినా మెయిన్ మీటర్‌తో సరిపోదు

ఇక్కడ ముందు సీటీలను అనుమానించండి. కేబుల్ చుట్టూ ఉండి, పెద్ద కరెంటును తగ్గించి మీటర్‌కు అందించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లే సీటీలు. కేబుల్ చుట్టూ 400/5 సీటీ (400 ఆంపియర్లను 5 ఆంపియర్లుగా మార్చేది) ఉండి, మీటర్‌లో 200/5 అని సెట్ చేసి ఉంటే అది సగమే చూపిస్తుంది. త్రీఫేజ్‌లో ఒక్క సీటీ తిరగేసి బిగిస్తే ఆ ఫేజ్ మైనస్ అవుతుంది. మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉన్నప్పుడు రెండు ప్లస్, ఒకటి మైనస్ కలిసి అసలులో మూడో వంతే కనపడుతుంది. క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఒక్కో ఫేజ్ కరెంటు చూసి, మీటర్ చూపిస్తున్న దానితో పోల్చితే నిమిషాల్లో తేలిపోతుంది. ఈ పని కాకుండా ముందుకెళ్తే తర్వాతి లెక్కలన్నీ తప్పే.

సమస్య: పగలు అంతా బాగానే ఉంది, బిల్లు మాత్రం బాగాలేదు

ఎక్కువ కరెంటు పోయేది ఇక్కడే. వారానికి 168 గంటలు. రోజుకు 10 గంటల చొప్పున 5 రోజులు నడిచే ఆఫీసులో మనుషులుండేది 50 గంటలు. మిగతా 118 గంటలూ భవనం ఖాళీ.

పగటి లోడు 100 కిలోవాట్లు అనుకుందాం. రాత్రుళ్లు, సెలవుల్లో 10 కిలోవాట్లే ఉంటుందని అంచనాలో వేస్తే వారానికి 5,000, దాని మీద 1,180, మొత్తం 6,180 యూనిట్లు. ఆ ఖాళీ గంటల్లో నిజంగా 40 కిలోవాట్లు నడుస్తుంటే 5,000, దాని మీద 4,720, అంటే 9,720. పగలు ఒక్క యూనిట్ కూడా తేడా రాకుండానే బిల్లు ఒకటిన్నర రెట్లు దాటింది!

కారణాలు చిన్నవే. ఎప్పుడో సాయంత్రం మీటింగ్ ఉందని బీఎంఎస్‌లో (ఏసీ, ఫ్యాన్లను నడిపే భవనం కంట్రోల్ సిస్టమ్‌లో) టైమింగ్ పొడిగించి మళ్లీ తగ్గించలేదు. సెలవుల క్యాలెండర్ ఎక్కించలేదు. ఏహెచ్‌యూ (గదులకు చల్లగాలి పంపే పెద్ద యూనిట్) ప్యానెల్ మీద స్విచ్ ఆటోలో కాకుండా హ్యాండ్‌లో ఉంది, అంటే కంట్రోల్ సిస్టమ్ ఆపమన్నా అది ఆగదు. టాయిలెట్ ఎగ్జాస్ట్ తిరుగుతూనే ఉంది. ఆపకుండా నడిచే ఒక్క కిలోవాట్ ఏడాదికి 8,760 యూనిట్లు తినేస్తుంది.

పరిష్కారం: మీటర్ నుంచి అరగంటకోసారి రీడింగులు తీసి రెండు వారాలకు గ్రాఫ్ వేయండి. ఆదివారం గీత చూస్తే చాలావరకు అర్థమవుతుంది. తర్వాత ఒక రాత్రి భవనంలోకి వెళ్లండి. ఇది ఆఫీసులో కూర్చుని చేసే పని కాదు. చప్పుడు ఎక్కడ వస్తోందో వినండి, ప్రతి ప్యానెల్ దగ్గర స్విచ్ ఎటు తిరిగి ఉందో చూడండి. మెయింటెనెన్స్ వాళ్ల అనుమతితో, ఆపినా ఫరవాలేని లోడ్లను ఒక్కొక్కటే ఆపుతూ మెయిన్ మీటర్‌లో ఎంత పడిపోయిందో రాసుకోండి. తెల్లారేసరికి ఎక్కడెంత పోతోందో మీ చేతిలో ఉంటుంది.

సమస్య: ఎండ మండినా చల్లబడినా ఫ్యాన్లు, పంపుల లోడు ఒక్కలాగే ఉంటుంది

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే పరికరం) ఉన్నా దాన్ని పూర్తి వేగంలో కట్టిపడేశారన్నమాట. ఫ్యాన్ వేగం 80 శాతానికి తగ్గితే కావలసిన పవర్ దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే పవర్ వేగానికి ఘనంలో మారుతుంది. వీఎఫ్‌డీ కొన్నదే ఈ ఆదా కోసం.

అయితే చూసిన వెంటనే ఆటోలోకి మార్చేసి వచ్చేయకండి. ఎవరో ఎందుకో హ్యాండ్‌లో పెట్టారు. చివరి గదికి గాలి అందలేదని ఫిర్యాదు వచ్చి ఉండొచ్చు, డక్ట్‌లో ప్రెషర్ సెన్సర్ పాడై ఉండొచ్చు. అది బాగుచేయకపోతే వారం తిరక్కుండా స్విచ్ మళ్లీ హ్యాండ్‌లోకి వస్తుంది, ఆ పెట్టినవాళ్లను తప్పుపట్టలేం కూడా. గదిలో ఉక్కపోస్తుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

సమస్య: హీటింగ్, కూలింగ్ రెండూ ఒకేసారి

చాలాసార్లు, వేడి లేదా చల్లని నీళ్లను ఆపాల్సిన వాల్వ్ లీకవుతుంటుంది. బీఎంఎస్ స్క్రీన్ మీద వాల్వ్ సున్నా శాతం తెరిచి ఉందని కనపడినా నమ్మొద్దు. కాయిల్‌కు (ఆ నీళ్లు పారే గొట్టాల చుట్టకు) ముందు, తర్వాత గాలి ఉష్ణోగ్రత కొలవండి. వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్పష్టమైన తేడా కనపడితే లోపల నీళ్లు పారుతున్నట్టే.

సమస్య: అంచనా కన్నా తక్కువ వస్తోంది

దీన్ని కూడా సమస్యగానే చూడాలి. సునిక్కా-బ్లాంక్, గాల్విన్ అనే పరిశోధకులు 2012లో జర్మనీ ఇళ్ల లెక్కలు పరిశీలించి, హీటింగ్‌కు నిజంగా వాడుతున్నది లెక్కగట్టిన దానికన్నా సగటున 30 శాతం తక్కువని చూపించారు. పాత ఇళ్లలో జనం అన్ని గదులూ వేడి చేసుకోరు, చలికి ఓర్చుకుంటారు. అలాంటి ఇంటికి ఇన్సులేషన్ వేస్తే ఇంత మిగులుతుందని కాగితం మీద చెప్పే అంకె చేతికి రాదు. వాడని దాన్ని ఎలా ఆదా చేస్తాం? అందుకని ఆదా లెక్క ఎప్పుడూ పాత బిల్లుల నుంచే మొదలుపెట్టాలి. ఆఫీసులైతే ఏయే అంతస్తులు ఖాళీగా ఉన్నాయో ముందు అడగండి.

సమస్య: అన్నీ సరిచేశాం, మోడల్ ఇంకా కలవడం లేదు

ఇప్పుడు గోడలు, కిటికీల సంగతి చూడండి. గాలి ఎంత లీకవుతోందో బ్లోవర్ డోర్ టెస్ట్ (తలుపు దగ్గర ఫ్యాన్ పెట్టి లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా తెచ్చి చేసే పరీక్ష) చెప్తుంది, ఇన్సులేషన్ ఎక్కడ తప్పిపోయిందో థర్మల్ కెమెరా చూపిస్తుంది. కొలిచిన విలువలనే మోడల్‌లో మార్చండి. అంకె కలిసేదాకా తోచినవి తిప్పుతూ పోతే ఒక తప్పు ఇంకో తప్పును కప్పేస్తుంది, మొత్తం సరిపోయినట్టు కనపడుతుంది. నెలవారీ లెక్కలకు అమెరికాలోని ఏసీ, హీటింగ్ ఇంజనీర్ల సంస్థ ఆష్రే తన గైడ్‌లైన్ 14లో ఇచ్చిన హద్దు ఇది: సగటు తేడా 5 శాతం లోపు, నెలల మధ్య ఎగుడుదిగుళ్లను కొలిచే సీవీ-ఆర్‌ఎంఎస్‌ఈ 15 శాతం లోపు. ఆ హద్దులోకి వచ్చాక కూడా రాత్రి లోడు గీతను విడిగా ఒకసారి పోల్చి చూడండి, ఎందుకంటే నెల మొత్తంలో అది కనపడదు.