నైట్రోజన్ పక్కన కార్బన్లు లెక్కపెట్టండి

బి.ఫార్మసీలో ఆల్ఫా, బీటా గ్రాహకాల (కణాల మీద అడ్రెనలిన్ లాంటివి అతుక్కునే చోట్ల) మీద పనిచేసే మందులు రాత్రంతా బట్టీ పట్టినా తెల్లవారేసరికి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. నాకు పనికొచ్చిన ఉపాయం ఇది.

నోరాడ్రెనలిన్, అడ్రెనలిన్, ఐసోప్రెనలిన్, సాల్బుటమాల్: ఈ నాలుగు అణువుల బొమ్మలు ఒకే కాగితం మీద వరుసగా వేయండి. బెంజీన్ వలయాన్ని కాసేపు వదిలేసి, దానికి వేలాడే గొలుసులో, అంటే తోకలో, ఉన్న నైట్రోజన్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆ నైట్రోజన్‌కు వలయం లేని వైపు అతుక్కున్న కార్బన్లు ఎన్నో చూడండి. నోరాడ్రెనలిన్‌కు 0: ఆల్ఫా వైపు మొగ్గు, బీటా-1 మీద కూడా పనిచేస్తుంది. అడ్రెనలిన్‌కు 1: ఆల్ఫా, బీటా రెండూ. ఐసోప్రెనలిన్‌కు 3: దాదాపు అంతా బీటాయే. సాల్బుటమాల్‌కు 4: ముఖ్యంగా బీటా-2, ఉబ్బసం ఇన్‌హేలర్‌లో ఉండేది ఇదే. తోక లావెక్కేకొద్దీ ఆల్ఫాకు దూరం. పది నిమిషాల పని.

అయితే వలయం మారితే ఈ లెక్క తప్పుతుంది. ఫినైలెఫ్రిన్‌కూ కార్బన్ 1 మాత్రమే, కానీ వలయం మీద 4వ స్థానంలో హైడ్రాక్సిల్ (OH) లేదు. అందుకే అది అడ్రెనలిన్‌లా రెండింటి మీదా కాక ప్రధానంగా ఆల్ఫా-1 మీదే పనిచేస్తుంది. దాన్ని, భారీ తోక ఉన్న డోబ్యుటమిన్‌ను విడిగా గుర్తుపెట్టుకోవలసిందే.