ఒక జపాన్ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్రను రాయడం ఎలా: కాషిమా ఆంట్లర్స్ ఉదాహరణగా

జపాన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో రాయబూనినవారికి, ఆ దేశపు వృత్తి ఫుట్‌బాల్ పోటీ అయిన జె లీగ్ మొదలైన 1993 మే నెలతోనే కథను ఎత్తుకోవాలనిపించడం సహజం. ఆ పద్ధతి లీగ్ చరిత్రకు సరిపోతుంది గానీ క్లబ్ చరిత్రకు చాలదు. ఆ ఏడాది బరిలో దిగిన పది క్లబ్బుల్లో షిమిజు ఎస్-పల్స్ మినహా మిగిలినవన్నీ అంతకుముందు ఏదో ఒక కంపెనీ నీడన పెరిగినవే. అందువల్ల జట్టు ఏ సంస్థలో, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో పుట్టిందో తేల్చుకున్న తరువాతే కప్పుల లెక్కకు రావాలి. ఆ పని ఎలా సాగాలో చూపడానికి ఇక్కడ కాషిమా ఆంట్లర్స్‌ను ఎంచుకున్నాను. జపాన్‌లో ఎక్కువ టైటిళ్లు గెలిచిన క్లబ్ అన్నది అందుకు ఒక కారణమే. చరిత్ర రాసేవారికి ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ దాని కథలో ఉన్నాయన్నది అసలు కారణం.

ముందుగా పుట్టుక సంగతి. 1947లో ఒసాకాలో సుమిటోమో మెటల్ అనే ఉక్కు సంస్థ ఉద్యోగుల జట్టుగా ఇది మొదలైంది. 1975లో, టోక్యోకు ఈశాన్యంగా పసిఫిక్ తీరాన ఇబరాకి ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం వంటి పాలనా విభాగం) ఆ సంస్థకు ఉక్కు కర్మాగారం ఉన్న కాషిమాకు జట్టు తరలింది. కాషిమా ఆంట్లర్స్ అన్న పేరుతో వృత్తి క్లబ్‌గా మారడం 1990ల ఆరంభంలో జరిగింది. ఈ మూడు ఘట్టాలను విడివిడిగా రాయాలి. ‘1947లో కాషిమాలో స్థాపితమైన ఆంట్లర్స్’ అని కలిపి రాస్తే ఒక్క వాక్యంలోనే రెండు తప్పులు దొర్లుతాయి. కంపెనీ జట్టుగా ఉన్న కాలంలో దాని స్థాయి ఏమిటో కూడా దాచకుండా చెప్పాలి. 1965లో మొదలైన జపాన్ సాకర్ లీగ్‌లో సుమిటోమో జట్టు ఎక్కువ కాలం రెండో డివిజన్‌లోనే గడిపింది. 1984లోనూ, 1986–87లోనూ ఆ డివిజన్‌ను గెలిచింది గానీ దేశస్థాయిలో పెద్ద కప్పు ఒక్కటీ దానికి దక్కలేదు.

అలాంటి జట్టుకు తొలి పదింటిలో చోటు ఎలా దొరికిందన్నదే ఈ చరిత్రలో నడుమ నిలవవలసిన ప్రశ్న. జె లీగ్ తన సభ్యులను పాత ఫలితాలను మాత్రమే చూసి ఎంచుకోలేదు. స్థానిక ప్రభుత్వ సహకారం, సొంత ఊరు, తగిన మైదానం, యువ ఆటగాళ్లకు శిక్షణ వంటి షరతులు పెట్టింది. కాషిమా అప్పటికి నగరం కూడా కాదు, ఒక చిన్న పట్టణం. దానికి నగర హోదా వచ్చింది 1995లో. లీగ్ అధ్యక్షుడు సబురో కవాబుచి ఆ జట్టుకు అవకాశం లేదని 99.9999 శాతం ఖాయమన్నట్టు చెప్పారు. పైకప్పు ఉండి, 15,000 మంది కూర్చోగల, ఫుట్‌బాల్‌కు మాత్రమే వాడే స్టేడియం కట్టగలిగితే అప్పుడు చూద్దామని కూడా అన్నారు. మర్యాదగా తిరస్కరించడానికి పెట్టిన ఆ షరతును ఇబరాకి ప్రిఫెక్చర్ నిజంగానే నెరవేర్చింది, 1993లో కాషిమా సాకర్ స్టేడియం సిద్ధమైంది. 2002 ప్రపంచ కప్ కోసం దాన్నే సుమారు 40,000 మందికి సరిపడేలా పెంచారు. నా మట్టుకు ఈ క్లబ్ చరిత్రలో ఏ ట్రోఫీ కన్నా ముందు రాయవలసిన అధ్యాయం ఇదే. మీరు ఏ క్లబ్‌ను ఎంచుకున్నా లీగ్ దాన్ని ఎందుకు చేర్చుకుందన్న ప్రశ్నకు జవాబు దొరికేవరకు ముందుకు కదలకండి.

ఇక వ్యక్తుల సంగతి. ఇండియన్ సూపర్ లీగ్ తొలి ఏళ్లలో గోవా జట్టు శిక్షకుడిగా మన పాఠకులకు పరిచయమైన జీకో, 1991లో 38 ఏళ్ల వయసులో, అప్పటికే ఆటకు వీడ్కోలు పలికి బ్రెజిల్ ప్రభుత్వంలో క్రీడల బాధ్యత కూడా చూసిన తరువాత, రెండో డివిజన్‌లో ఉన్న సుమిటోమో జట్టులో చేరాడు. 1993 మే 16న నగోయా గ్రాంపస్ ఎయిట్‌పై ఆడిన మొదటి జె లీగ్ మ్యాచ్‌లో కాషిమా 5–0తో గెలవగా, అందులో మూడు గోల్స్ అతనివి, రెండు సహ ఆటగాడు అల్సిందోవి. ఇంతటి మనిషి దొరికినప్పుడు కథ మొత్తం అతని జీవితచరిత్రగా మారిపోకుండా చూసుకోవాలి. అతను క్లబ్‌లో ఏం మార్చాడో రాయండి: కంపెనీ ఉద్యోగులుగా ఆడుతున్నవారికి వృత్తి క్రీడాకారుల క్రమశిక్షణ నేర్పాడు, బ్రెజిల్‌తో బంధాన్ని నిలిపాడు. ఆ బంధం వల్లనే జోర్జిన్యో, లియొనార్దో వంటి ఆటగాళ్లూ, తోనిన్యో సెరెజో, ఓస్వాల్దో ద ఒలివెయిరా వంటి శిక్షకులూ ఆ మారుమూల పట్టణానికి వచ్చారు. అలాగే 1994 జనవరిలో వెర్డీ కవాసాకితో జరిగిన టైటిల్ పోరు రెండో మ్యాచ్‌లో, పెనాల్టీ గుర్తు మీద పెట్టిన బంతిపై ఉమ్మి మైదానం నుంచి బహిష్కృతుడైన సంగతీ రాయండి. క్లబ్ గుమ్మం ముందు విగ్రహం ఉన్నంత మాత్రాన చరిత్రలో ఆ పుటను చించనక్కరలేదు.

టైటిళ్ల దగ్గరకు వచ్చేసరికి, ఏ ఏడాది ఏ నియమం అమల్లో ఉందో పక్కన రాసుకోకుండా పట్టిక వేయడం ప్రమాదకరం. తొలి సీజన్లలో మ్యాచ్ డ్రా అయ్యేదే కాదు. అదనపు సమయంలో మొదటి గోల్ పడగానే ఆట ముగిసేది, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలతో తేల్చేవారు. 1997, 1998లలో 90 నిమిషాల్లో గెలిస్తే 3 పాయింట్లు, అదనపు సమయంలో గెలిస్తే 2, పెనాల్టీలతో గెలిస్తే 1 ఇచ్చేవారు. సీజన్‌ను రెండు దశలుగా విడదీసి, దశల విజేతల మధ్య తుది పోరు పెట్టే పద్ధతి 2004 వరకు నడిచింది, నడుమ 1996లో మాత్రమే ఒకే దశగా ఆడారు. 2015, 2016లలో ఆ రెండు దశల పద్ధతి మరో రూపంలో మళ్లీ వచ్చింది. కాషిమా 1996, 1998, 2000, 2001 టైటిళ్లను, ఆపై ఎవరూ అంతకుముందు సాధించని విధంగా 2007, 2008, 2009లలో వరుసగా గెలిచిన మూడింటిని ఒకే తక్కెడలో తూచలేకపోవడానికి కారణం ఇదే.

2016 దీనికి అన్నింటికన్నా పదునైన ఉదాహరణ. ఏడాది మొత్తం పాయింట్లలో ఉరావా రెడ్స్‌కు 74, కవాసాకి ఫ్రంటాలేకు 72 రాగా, కాషిమాకు వచ్చినవి 59 మాత్రమే. అయితే మొదటి దశ గెలిచినందువల్ల కాషిమా చివరి పోరులోకి ప్రవేశించింది. ముందు కవాసాకిని ఓడించింది. తరువాత ఉరావాతో సొంత మైదానంలో 0–1తో ఓడి, సైతామాలో 2–1తో గెలిచి, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ చేసిన లెక్కన విజేతగా నిలిచింది. ఆతిథ్య దేశ విజేతగా అదే డిసెంబరులో క్లబ్ ప్రపంచ కప్‌లో ఆడి, ఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టయింది. గాకు షిబసాకి రెండు గోల్స్ చేసినా, అదనపు సమయం దాకా సాగిన ఆ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో 4–2తో ఓడిపోయింది. చరిత్రకారుడు ఇక్కడ తీర్పు చెప్పనవసరం లేదు, కానీ 59ని, 74ని పక్కపక్కన పెట్టక తప్పదు.

సంవత్సరాల విషయంలో మరో ఉచ్చు ఉంది. లీగ్‌తో సంబంధం లేకుండా నాకౌట్ పద్ధతిలో సాగే చక్రవర్తి కప్ ఫైనల్‌ను దశాబ్దాలపాటు జనవరి 1న ఆడే ఆనవాయితీ ఉండేది. కాషిమా 2000లో లీగ్, లీగ్ కప్, చక్రవర్తి కప్ మూడూ గెలిచి, ఒకే సీజన్‌లో ఆ ఘనత సాధించిన తొలి జపాన్ క్లబ్ అయిందని రాస్తాం. అయితే మూడో కప్పును షిమిజుపై గెలిచిన తేదీ 2001 జనవరి 1. కనుక సీజన్ సంవత్సరాన్ని, మ్యాచ్ తేదీని రెండు వేర్వేరు గడుల్లో నమోదు చేసుకోవడం మంచిది.

విలీనమైన క్లబ్ అయితే పని ఇంకా బరువెక్కుతుంది. యోకొహామా ఫ్లూగెల్స్ 1999 జనవరి 1న చక్రవర్తి కప్ గెలిచి, ఆ మ్యాచ్‌తోనే కనుమరుగై అదే ఊరి క్లబ్ మారినోస్‌లో కలిసిపోయింది. దాని అభిమానులు విడిగా యోకొహామా ఎఫ్‌సీని నిలబెట్టారు. అటువంటి చోట పాత కప్పులను ఎవరి ఖాతాలోనూ వేయకుండా, ఫ్లూగెల్స్ పేరు మీదే ఉంచడం న్యాయం.

ఆధారాల గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. ఫలితాలకు లీగ్ అధికారిక గణాంకాలనూ, ఊరి సంగతులకు స్థానిక పత్రికలనూ నమ్మాలి. క్లబ్ తన గురించి తాను చెప్పుకున్నదాన్ని ఆ రెండింటితో సరిచూడాలి.

చివరి అధ్యాయం యాజమాన్యానిది. సుమిటోమో మెటల్ 2012లో నిప్పన్ స్టీల్‌లో విలీనమైంది. 2019లో ఆ ఉక్కు సంస్థ క్లబ్‌లోని తన మెజారిటీ వాటాను ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ మెర్కారికి విక్రయించింది. అంతకు ముందు ఏడాదే కాషిమా ఇరాన్ జట్టు పెర్సెపోలిస్‌ను ఓడించి తొలిసారి ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచి ఉంది. అంటే క్లబ్ చేతులు మారినది ఓటముల వల్ల కాదని పాఠకుడికి అర్థమయ్యేలా ఈ రెండు సంఘటనలను దగ్గరగా ఉంచాలి. రచనను ఎక్కడ ఆపాలని ఆలోచించేవారు 2026 ఆరంభం వద్ద గీత గీసుకోవచ్చు. ఆ ఏడాది ఆగస్టు నుంచి జె లీగ్ సీజన్ ఒక సంవత్సరంలో మొదలై మరుసటి సంవత్సరంలో ముగిసేలా మారాలని 2023 డిసెంబరులోనే నిర్ణయమైంది గనుక, అక్కడి నుంచి పట్టికలోని సీజన్ గడిలో 2026–27 అన్నట్టుగా రెండు సంవత్సరాలు రాయవలసి ఉంటుంది.