చలికి వేళ్లు మొద్దుబారితే ఏం చేయాలి, ఏం తినాలి

డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి ఘాట్‌లో బైకు నడిపితే ముందు మొరాయించేవి వేళ్లే. నరంలో సంకేతం సాగాలంటే నరం పొరలో సోడియం లోపలికి వెళ్లే సూక్ష్మ ద్వారాలు చకచకా తెరుచుకుని మూసుకోవాలి. చలికి అవి మందగిస్తాయి. చెయ్యి ఒక్క డిగ్రీ చల్లబడితే సంకేత వేగం సెకనుకు సుమారు 1.5 నుంచి 2 మీటర్లు పడిపోతుంది. అందుకే నరాల పరీక్షకు ముందు చేతిని 32 డిగ్రీలకు పైగా వెచ్చబెడతారు. లేదంటే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

బండి ఆపండి. తడి గ్లౌజులు తీసేసి చేతులు చంకల్లో పెట్టుకోండి. మంట దగ్గర కాచుకోవద్దు, గట్టిగా రుద్దవద్దు: స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. మాట ముద్దగా వస్తూ, వణుకు ఆగిపోయి, మనిషి మగతగా ఉంటే అది ఒళ్లు వేడెక్కిన సూచన కాదు, ప్రమాదం. ముందు ఛాతీని వెచ్చబరచి, 108కి ఫోన్ చేయండి.

వణుకుకు పిండిపదార్థాలు ముఖ్యమైన ఇంధనం. బయల్దేరే ముందు ఉప్మానో ఇడ్లీలో తినండి, జేబులో బెల్లం పల్లీపట్టీ ఉంచుకోండి. మద్యం మాత్రం వద్దు. వెచ్చగా అనిపిస్తుందే గానీ చర్మంలోని రక్తనాళాలు విప్పారి ఒంటి వేడి బయటికి పోతుంది.

విటమిన్ బి12 చలిని ఆపదు. కానీ అది లోపిస్తే నరాలపై మైలిన్ తొడుగు దెబ్బతిని, వెచ్చటి గదిలోనూ తిమ్మిర్లు వస్తాయి. శాకాహారులు, ఏళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవారు రక్తపరీక్ష చేయించుకోవాలి. బి6 మాత్రలు సొంతంగా నెలల తరబడి మింగితే అవే నరాలను పాడుచేస్తాయి.