రూట్ కెనాల్ మొదలుపెడితే క్యాప్ దాకా వెళ్లాలి

చల్లటి నీళ్లు తగలగానే జివ్వుమని, గ్లాసు దించాక కూడా అర నిమిషానికి పైగా లాగుతూనే ఉంటే ఆ పంటిలో నరం బాగా దెబ్బతిన్నట్టే. రాత్రి పడుకోగానే పోటు మొదలవడం, ఏ పన్నో చూపించలేనంతగా చెవిదాకా పాకడం కూడా అదే చెబుతాయి. అప్పుడు చేసేదే రూట్ కెనాల్: పాడైన నరం తీసి, వేర్లలోని సన్నటి కాలువల్ని శుభ్రం చేసి నింపుతారు, ఆపైన పంటికి క్యాప్ అనే తొడుగు వేస్తారు. చల్లనిది తాకినప్పుడు ఒక్క క్షణం జివ్వుమని ఊరుకుంటే మాత్రం చాలాసార్లు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. వారం రోజులు నిద్ర లేకుండా చేసిన నొప్పి ఉన్నట్టుండి మాయమైతే సంతోషించకండి. నరం చచ్చిపోయి, చీము వేరు కొస నుంచి దవడ ఎముకలోకి దిగుతుండవచ్చు. చిగుళ్ల మీద చిన్న పొక్కు లేచి, పగిలి, మళ్లీ లేస్తుంటే అది ఆ చీము బయటికి చేసుకున్న దారి.

ఈలోగా పుచ్చు మీద గుడాకు రుద్దకండి. కాసేపు మొద్దుబారుతుందేమో గానీ అది పొగాకే, పుచ్చుకు మందు కాదు. లవంగనూనె నేరుగా పోసినా, ఆస్పిరిన్ బిళ్ల బుగ్గలో అదిమిపెట్టినా చిగురు కాలి తెల్లగా ఊడుతుంది. వాపు ఉంటే బయట నుంచి వేడి కాపడం వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి తీయండి. వాపు మెడలోకి దిగినా, కన్ను మూసుకుపోతున్నా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లలో చాలామంది చుట్టాలున్నారని విజయనగరమో విశాఖో వెళ్లి చికిత్స మొదలుపెడతారు. నొప్పి తగ్గగానే కోతలనీ పండగనీ ఇంటికి వచ్చేస్తారు, మళ్లీ వెళ్లరు. అలాగే పళ్లు పోతాయి. దవడ పంటికి సాధారణంగా రూట్ కెనాల్‌కు రెండు మూడుసార్లు, క్యాప్‌కు ఇంకో రెండుసార్లు కూర్చోవాలి. చీము లేని పంటికి ఒక్క సిట్టింగ్‌లోనే పూర్తి చేసే డాక్టర్లూ ఉన్నారు, అదీ సరైన పద్ధతే. ఏదైనా, పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగే ఊళ్లో చూపించుకోవడం మేలు. దూరం తప్పదనుకుంటే తేదీలన్నీ మొదటి రోజే రాయించుకోండి. ఖర్చు కూడా విడివిడిగా అడగండి: ఎక్స్-రేలు, రూట్ కెనాల్, పైన గట్టి ఫిల్లింగ్, క్యాప్. క్యాప్ ధర మొదట తెలియక చివర్లో వదిలేసేవాళ్లే ఎక్కువ. వెనక దవడ పంటికి లోహపు క్యాప్ చవక, పన్ను అరగదీయడమూ తక్కువ, బలానికి లోటుండదు. బయటికి కనిపించే పంటికే పంటి రంగుది అవసరం.

కుర్చీలో కూర్చోకముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగరు, బీపీ, రక్తం పలచబరిచే మాత్రలు, గుండె వాల్వు ఆపరేషన్, గర్భం, ఏ మందైనా పడకపోవడం. కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, అది తప్పక చెప్పాలి. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం వాళ్లకు ఒళ్లునొప్పుల క్రైసిస్ తెప్పించగలవు. పుచ్చు లేకుండానే పంటి నరం చచ్చిపోవడమూ వాళ్లలో కనిపిస్తుంది. రోజూ వేసుకునే మాత్రలు సొంతంగా మానేయకుండా, తిండి తినే వెళ్లండి.

మత్తుకు సాధారణంగా 2 శాతం లిగ్నోకైన్‌లో అడ్రినలిన్ కలిపి ఇస్తారు. వాచిన నరమున్న కింది దవడ పంటికి పెదవి మొద్దుబారినా పన్ను లోపల నొప్పి తెలియవచ్చు. ఓర్చుకోనక్కర్లేదు, ఎడమ చెయ్యి ఎత్తితే పంటి పక్కన ఇంకో సూది వేస్తారు. తర్వాత పంటికి రబ్బరు షీటు తొడగాలి. దీన్ని రబ్బర్ డ్యామ్ అంటారు. ఉమ్ము కాలువల్లోకి పోకుండా, చిన్న సూదుల్లాంటి ఫైళ్లు గొంతులోకి జారకుండా, మందు నోట్లో పడకుండా కాపాడేది అదే. వేస్తారా అని ముందే అడగండి, మొహమాటపడకండి.

ఇక అసలు పని. పుచ్చంతా తీసి, పంటి నడినెత్తిన రంధ్రం చేసి కాలువల నోళ్లు వెతుకుతారు. కింది మొదటి దవడ పంటికి వేర్లు రెండు, కాలువలు మూడు, కొన్నిసార్లు నాలుగు. పై మొదటి దవడ పంటికి వేర్లు మూడే అయినా నాలుగో కాలువ చాలామందిలో ఉంటుంది. సన్నగా, దాక్కుని ఉండే ఆ నాలుగోది వదిలేయడం రూట్ కెనాల్ విఫలం కావడానికి పెద్ద కారణాల్లో ఒకటి. దొరికిన ప్రతి కాలువ పొడవునూ అపెక్స్ లొకేటర్ అనే, వేరు కొస ఎక్కడుందో చూపే పరికరంతో, ఎక్స్-రేతో కొలుస్తారు. ఫైళ్లతో వెడల్పు చేస్తారు. 15 నంబరు ఫైలు మొన 0.15 మి.మీ. మాత్రమే. అంత సన్నటి లోహం వంపు కాలువలో అప్పుడప్పుడూ విరుగుతుంది. విరిగిందంటే పన్ను పోయినట్టు కాదు. అప్పటికే కాలువ శుభ్రమై ఉంటే దాన్ని అలాగే వదిలి నింపి, గమనిస్తారు. కానీ ఆ సంగతి మీకు చెప్పి, చీటీ మీద రాయాలి.

ఫైలు చేరని మూలల్ని శుభ్రం చేసేది సోడియం హైపోక్లోరైట్. బ్లీచింగ్ వాసన వస్తుంది. గొంతులో మంటగా అనిపిస్తే వెంటనే చెయ్యి ఎత్తండి. చివరికి కాలువల్ని ఆరబెట్టి గట్టా పర్చా అనే రబ్బరు పుల్లలు, సందులు మూసే సీలరుతో నింపుతారు. ఆఖరి ఎక్స్-రేలో ఆ తెల్లటి గీత వేరు కొసకు 2 మి.మీ. లోపు ఆగి ఉండాలి. అంతకన్నా పైనే ఆగితే కింద సూక్ష్మజీవులకు చోటు మిగిలినట్టు, దాటిపోతే ఎముకకు గుచ్చుకుంటున్నట్టు.

సిట్టింగుల మధ్య లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ మందు, పైన తాత్కాలిక ఫిల్లింగ్ ఉంటాయి. ఆ ఫిల్లింగ్ గట్టిపడటానికి గంట పడుతుంది, అందాకా ఏమీ తినకండి. పెదవి మొద్దుగా ఉన్నంతసేపు వేడి టీ వద్దు, కాలినా తెలియదు. మత్తు దిగాక చల్లారిన చోడి (రాగి) అంబలి, చద్దన్నం హాయిగా తినవచ్చు. తాత్కాలిక ఫిల్లింగ్ పైపైన అరిగితే ఫర్వాలేదు గానీ ముద్దగా ఊడితే ఒకటి రెండు రోజుల్లో వెళ్లి వేయించుకోవాలి. లేకపోతే ఉమ్ముతో పాటు సూక్ష్మజీవులు దిగి, చేసిన పనంతా మొదటికొస్తుంది. మధ్యలో ఊరు మారాల్సి వస్తే ఎక్స్-రేలు, ఎన్ని కాలువలు దొరికాయి, ఒక్కోదాని పొడవు ఎంత, లోపల ఏ మందు పెట్టారు అన్నవి రాయించుకుని తీసుకెళ్లండి.

రెండు మూడు రోజులు కొరికితే నొప్పి ఉండటం మామూలే. అల్సరు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఉబ్బసం, గర్భం, రక్తం పలచబరిచే మాత్రలు లేని పెద్దలకు తిన్నాక ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. సాధారణంగా పనిచేస్తుంది. మిగిలినవాళ్లు డాక్టరును అడిగి వేసుకోవాలి. జ్వరమో పాకే వాపో లేకుండా యాంటీబయాటిక్ కొనకండి, నరం నొప్పికి అది పనిచేయదు.

క్యాప్ నెల లోపు వేయించుకోండి. పుచ్చుకూ రంధ్రానికీ సగం పోయిన పంటికి మిగిలేవి పలచటి గోడలు. ఒక్క చెరకు ముక్కకో నువ్వుండకో అవి వేరుదాకా నిలువునా చీలితే పీకించడమే గతి. ముందుపళ్లకు నష్టం తక్కువైతే ఫిల్లింగ్ చాలు. ఆరు నెలలకు, ఏడాదికి ఒక్కో ఎక్స్-రే తీయించి, వేరు కొస దగ్గర నల్లటి మచ్చ (చీముకు ఎముక కరిగిన చోటు) తగ్గుతోందో లేదో పాత దానితో పోల్చి చూపించమనండి. ఎప్పుడైనా క్యాప్ ఊడొస్తే ఫెవిక్విక్ పెట్టి అతికించకండి. కడిగి చిన్న డబ్బాలో వేసి ఆ వారంలోనే క్లినిక్‌కు తీసుకెళ్లండి, లోపలి పన్ను బాగుంటే చాలాసార్లు అదే క్యాప్‌ను మళ్లీ సిమెంటుతో అతికిస్తారు.