మృగసంహార ఘట్టం అల్లడం ఎలా

వీరుడు మృగాన్ని చంపే కథ రాయబోయేముందు మృగం సంగతి తేల్చుకోండి. దాన్ని మామూలుగా ఎందుకు చంపలేమో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. గ్రీకు గాథల్లో నెమియా సింహం తోలు మీద ఏ ఆయుధమూ దిగదు. మెడూసా ముఖం చూసినవాడు రాయైపోతాడు. ఇలాంటి రక్షణ ఒక్కటి చాలు. నాలుగు పెడితే చివర్లో ఏ దేవుడో దిగివచ్చి గట్టెక్కించాల్సి వస్తుంది, వీరుడికి పనే ఉండదు.

పొడుపుకథకు విడుపులాగా, చావు ఆ రక్షణలోంచే రావాలి. నెమియా సింహాన్ని చంపిన గ్రీకు వీరుడు హెరాక్లీస్ ముందు బాణాలు వేశాడు, అవి సింహానికి తగిలి కింద పడ్డాయి. ఈ మొదటి ఓటమిని వదిలేయకండి. అది లేకపోతే మృగం ఎంత గట్టిదో చదివేవాళ్లకు తెలియదు. తర్వాత అతను రెండు ద్వారాల గుహకు ఒక ద్వారం మూసేసి, రెండోదాన్లోంచి వెళ్లి దాని గొంతు నులిమాడు. వృత్రుడిదీ ఇదే లెక్క: తడిదానితో, పొడిదానితో, పగలు, రాత్రి చావకూడదన్నది షరతు. ఇంద్రుడు సంధ్యవేళ సముద్రపు నురగ ప్రయోగించాడు. వీరుడికి అక్కరకొచ్చే వస్తువు నురగ, డాలు, దారపుండ, ఏదైనా సరే, పోరుకు ముందే కథలో ఒకసారి కనబడాలి.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, ప్రాణం వేరేచోట దాచిన కథల్లో కత్తియుద్ధం తగ్గించండి. ఆ గుట్టు రాబట్టే సంభాషణకే చోటివ్వండి, ఉత్కంఠంతా అక్కడే.

తోడు వచ్చినవాడికి ఒక్క పనే అప్పగించండి. గ్రీకు గాథల్లో పలు తలల పాము హైడ్రాకు ఒక తల నరికితే రెండు మొలుస్తాయి. హెరాక్లీస్ నరికిన చోటల్లా తోడు వచ్చిన ఇయొలాస్ కొరివితో కాల్చాడు. చావులేని తలను బండకింద పాతిపెట్టారు. ఆ సాయానికి మూల్యం కూడా ఉంది: తోడు తీసుకున్నాడని, హెరాక్లీస్‌కు ఈ పనులు అప్పగించిన రాజు యూరిస్థియస్ ఆ గెలుపును లెక్కలోకి తీసుకోలేదు. మూల్యం లేని సాయం కథను పలచన చేస్తుంది.

సాక్ష్యం మరవొద్దు. ఐరోపా జానపద కథల్లో వీరుడు డ్రాగన్ నాలుకలు కోసి దాచుకుంటాడు, దొంగ వీరుడు నాలుకల్లేని తలలు తెచ్చి దొరికిపోతాడు. నాలుకలు కోసిన సంగతి పోరు చివర ఒక్క మాటలో చెప్పి ఊరుకోండి, విడమరిస్తే తర్వాతి మలుపు చెడుతుంది.

చచ్చిన మృగంలోంచి ఏదో ఒకటి వీరుడి వెంట రావాలి. హైడ్రా విషంలో హెరాక్లీస్ ముంచిన బాణమే తర్వాత సగం మనిషి, సగం గుర్రమైన నెస్సస్‌ను చంపింది. వాడి నెత్తురు అంటిన వస్త్రమే చివరికి హెరాక్లీస్ ప్రాణం తీసింది. కాబట్టి అలాంటి వస్తువు ఎప్పుడు ఎవరి చేతికి వెళ్లిందో చిత్తుప్రతి అంచున రాసుకుంటూ ఉండండి.