బడి దగ్గర ఒక గుర్తు మాట

ఆఫీసులో ఆలస్యమైన రోజు పాపను బడి నుంచి వేరేవాళ్లు తీసుకురావాల్సి వస్తే మాకు ఒకటే టెన్షన్. ఎవరొచ్చి "మీ అమ్మ పంపింది" అన్నా పిల్ల నమ్మేస్తుంది. అందుకే ఒక గుర్తు మాట పెట్టుకున్నాం. పేర్లు, పుట్టినరోజులు వద్దు, "ఉప్పు జామకాయ" లాంటి రెండు పదాలు చాలు. పాప అడగాలి, వచ్చినవాళ్లు చెప్పాలి. చెప్పలేకపోతే వెంటనే టీచర్ దగ్గరికి వెళ్లిపోవాలి. వారానికోసారి ఇంట్లో ఆటలా ఆడించండి, లేకపోతే పిల్లలు మర్చిపోతారు. ఒకసారి వాడిన మాటను ఆ రాత్రే మార్చేయండి.

అయితే తెలిసినవాళ్ల విషయంలో ఇది పనిచేయదు. పిల్లలను బాధపెట్టేది ఎక్కువగా వాళ్లే. "ఎవరికీ చెప్పొద్దు" అని ఎవరన్నా, సొంత మామయ్యే అన్నా, ఇంటికొచ్చి చెప్పమనండి. ఏ పిల్లల విషయంలోనైనా అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం.